నాలుగు రోజులు బతికితే చాలా?

నీటిలో కలుస్తున్న హార్మోన్లు, వాటిని అనుకరించే రసాయనాలు చేపలను చంపడం లేదు. వాటి సంతానాన్ని ఆపుతున్నాయి. మన నిబంధనలు మాత్రం చేప చచ్చిందా, బతికిందా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

పరీక్ష చాలా సులువు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థజలాన్ని తొట్టెలో నింపి అందులో చేపలను వదులుతారు. 96 గంటలు, అంటే నాలుగు రోజులు ఆగుతారు. నూటికి 90 చేపలు బతికి ఉంటే ఆ నీరు పాసైనట్టే. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద 1993లో ప్రకటించిన సాధారణ ప్రమాణాల్లో ఉన్న జీవ పరీక్ష ఇది. దేశమంతటికీ ఇదే కొలబద్ద.

ఐదో రోజున ఆ చేపకు ఏమైందని ఎవరూ అడగరు. వచ్చే తొలకరికి అది ఏరు ఎదురెక్కిందా, గుడ్లు పెట్టిందా, ఆ గుడ్లు పిల్లలయ్యాయా అన్నది అసలు పరీక్షలోనే లేదు. అయితే గత నాలుగు దశాబ్దాలుగా బ్రిటన్, కెనడా, ఫ్రాన్స్ నదుల్లో, సరస్సుల్లో బయటపడిన విషయాలు చూస్తే అడగాల్సిన ప్రశ్న అదేనని తేలుతుంది. ఆ నీటిలో చేపలు చావలేదు. చక్కగా ఈదాయి, మేత తిన్నాయి, గాలాలకు చిక్కాయి. లోపల మాత్రం మగవి మగవిగా మిగల్లేదు.

మడుగులో వింత చేపలు

కథ 1970ల చివర్లో లండన్‌కు ఉత్తరాన ఉన్న లీ నది ప్రాంతంలో మొదలైంది. మురుగునీటి శుద్ధి కేంద్రాల మడుగుల్లో గాలాలు వేసేవారికి కొన్ని విచిత్రమైన రోచ్ చేపలు తగిలాయి. రోచ్ మన బొచ్చె, శీలావతి చేపలకు దూరపు చుట్టం. కోసి చూస్తే ఒకే చేపలో ఆడ, మగ లక్షణాలు రెండూ కనిపించాయి.

కారణం ఏమిటో తేల్చడానికి బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ సంప్టర్, బ్రిటన్ మత్స్య శాఖ పరిశోధకులు ఒక తేలికైన ఉపాయం పన్నారు. ట్రౌట్ చేపలను బోనుల్లో పెట్టి శుద్ధి కేంద్రాల నుంచి నీరు బయటికి వచ్చే చోట ఉంచారు. కొద్ది వారాల్లోనే వాటి రక్తంలో వైటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ చోటును బట్టి 500 నుంచి లక్ష రెట్ల దాకా పెరిగిపోయింది. ఈ ఫలితాలు 1994లో ప్రచురితమయ్యాయి.

వైటెల్లోజెనిన్ గుడ్డులోని పచ్చసొనకు ముడిసరుకు. అండాశయం నుంచి ఈస్ట్రోజన్ హార్మోన్ రూపంలో కబురు అందితే ఆడ చేప కాలేయం దాన్ని తయారు చేస్తుంది. నిజానికి మగ చేప కాలేయానికి కూడా ఈ విద్య తెలుసు. కబురు రాదు కనుక చేయదు. మగ చేప రక్తంలో ఈ ప్రొటీన్ దండిగా కనిపించిందంటే ఎక్కడి నుంచో దొంగ కబురు అందిందని అర్థం. నీటిలో ఈస్ట్రోజన్ ఉందా, లేదా అని చెప్పే సాక్ష్యంగా ఈ ప్రొటీన్‌నే ఇప్పుడు ప్రపంచవ్యాప్తంగా వాడుతున్నారు.

బోనులోని చేపలకు జరిగింది నదిలోని చేపలకూ జరుగుతోందా? 1998లో సూసన్ జోబ్లింగ్ బృందం బ్రిటన్ నదుల్లో రోచ్ చేపలను పట్టి పరీక్షించి జవాబు చెప్పింది. మగ చేపల వృషణాల్లో గుడ్ల కణాలు పెరుగుతున్నాయి. శుద్ధి కేంద్రాలకు ఎగువన ఈ లోపం తక్కువ, దిగువన ఎక్కువ. రెండు నదుల్లోనైతే కొన్ని చోట్ల పట్టిన మగ చేపలు నూటికి నూరు ఇలాగే ఉన్నాయి.

ఒక హార్మోన్, రెండు ముఖాలు

చేపల మీద హార్మోన్ల ప్రభావం ఎంతటిదో తెలుగు ఆక్వా రైతులకు చెప్పనక్కర్లేదు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి కార్ప్ చేపల చేత గుడ్లు పెట్టించగలిగారు. కొల్లేరు చుట్టుపక్కల చెరువులకు పిల్లలను అందించే హేచరీలు నిలబడింది ఆ విజయం మీదే. టిలాపియా కథ ఇంకా విచిత్రం. అప్పుడే మేత మొదలుపెట్టిన పిల్లలకు మూడు, నాలుగు వారాలపాటు మేతలో మిథైల్ టెస్టోస్టిరాన్ కలిపి పెడితే ఆడవి కావాల్సినవి కూడా దాదాపు అన్నీ మగవే అవుతాయి. ప్రపంచమంతటా హేచరీలు పాటించే పద్ధతి ఇది.

ఇది సాధ్యం కావడానికి కారణం ఉంది. చాలా రకాల చేపల్లో లింగం పుట్టుకతోనే గట్టిపడిపోదు. పిల్ల దశలో బీజకోశం ఎటైనా తిరగగలదు. ఏ హార్మోన్ కబురు ముందు అందితే అటు తిరుగుతుంది. హేచరీలో మనిషి లెక్క ప్రకారం చేసే పనినే నదిలో మురుగు లెక్కా పత్రం లేకుండా చేస్తోంది.

ఇలాంటి రసాయనాలు ఒకే రకంగా పనిచేయవు. కొన్ని హార్మోన్ వేషం వేస్తాయి. డిటర్జెంట్లలో, వస్త్ర పరిశ్రమలో వాడే పదార్థాలు విరిగిపోగా మిగిలే నోనైల్‌ఫినాల్ ఈస్ట్రోజన్‌ను అనుకరిస్తుంది. మరికొన్ని అసలు హార్మోన్‌కు అడ్డుపడతాయి. ఇంకొన్ని శరీరంలో హార్మోన్ తయారీనే తారుమారు చేస్తాయి. వీటన్నిటినీ కలిపి అంతఃస్రావ వ్యవస్థను భంగపరిచే రసాయనాలుగా పిలవడం 1991లో అమెరికాలో థియో కోల్‌బోర్న్ చొరవతో జరిగిన శాస్త్రవేత్తల సమావేశంతో మొదలైంది.

ఆడతనం అంటగట్టేవే కాదు, మగతనం అంటగట్టేవీ ఉన్నాయి. దోమల నివారణకు మన చెరువుల్లో వదిలే గాంబూసియా చేపనే తీసుకుందాం. ఫ్లోరిడాలో కాగితం మిల్లు వ్యర్థాలు కలిసే వాగులో ఆడ గాంబూసియాలకు మగ చేపలకు ఉండే ప్రత్యేకమైన రెక్క మొలిచిందని 1980లోనే శాస్త్రవేత్తలు నమోదు చేశారు.

మాత్ర ఒక్కటే దోషి కాదు

బ్రిటన్ నదుల్లో దోషి ఎవరన్న వెతుకులాట 1998 నాటికి ఒక కొలిక్కి వచ్చింది. ఇళ్ల నుంచి వచ్చే మురుగులో ప్రధానంగా మూడు పదార్థాలు దొరికాయి. వాటిలో రెండు, ఈస్ట్రోన్, ఈస్ట్రడయాల్, మనుషుల శరీరాల నుంచి సహజంగా వెలువడేవే. మూడోది గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఎథినైల్ ఈస్ట్రడయాల్. మన దేశంలో అందరికీ తెలిసిన మాలా-డి, మాలా-ఎన్ మాత్రల్లో ఉండేదీ ఇదే, ఒక్కో మాత్రలో 0.03 మిల్లీగ్రాములు.

శరీరం ఈ హార్మోన్లను బయటికి పంపేటప్పుడు మరో అణువును తగిలించి పని చేయకుండా మూత వేస్తుంది. మురుగులోని బ్యాక్టీరియా ఆ మూత తీసేస్తుంది. నిర్వీర్యంగా బయల్దేరిన హార్మోన్ కాలువ చేరేసరికి మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. చేప శరీరంలో ఉండే ఈస్ట్రడయాల్, మనిషి శరీరంలో ఉండే ఈస్ట్రడయాల్ ఒకటే అణువు. అందుకే మనిషి వదిలిన కబురు చేపకు సులువుగా అర్థమవుతుంది.

నెపాన్ని మాత్ర మీదికి, మాత్ర వేసుకునే స్త్రీల మీదికి నెట్టడం తేలిక. కానీ మురుగులోని ఈస్ట్రోజన్‌లో ఎక్కువ భాగం సహజంగా వెలువడేదే. మాత్రలోని హార్మోన్ పరిమాణంలో తక్కువ, శక్తిలో ఎక్కువ, త్వరగా విరిగిపోదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో వివాహిత మహిళల్లో మాత్రలు వాడేవారు 5 శాతం మాత్రమే. అంతమాత్రాన మన నదులు సురక్షితమని కాదు. ఇక్కడ సమస్య మాత్ర కన్నా మురుగు.

ఖాళీ అయిన సరస్సు

ఇంత స్వల్ప మోతాదు ఒక చేప జాతినే నిర్మూలించగలదా అన్న అనుమానానికి కెనడా సమాధానం చెప్పింది. ఒంటారియో వాయవ్య ప్రాంతంలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సులు ఉన్నాయి. వాటిలో 260వ నంబరు సరస్సులో కారెన్ కిడ్ బృందం 2001 నుంచి 2003 దాకా మూడు వేసవులపాటు మాత్రల్లోని హార్మోన్‌ను కలిపింది. లీటరు నీటికి 5, 6 నానోగ్రాములు. మన లెక్కలో చెప్పుకుంటే, ఎకరం విస్తీర్ణంలో రెండు మీటర్ల లోతున్న చెరువుకు సుమారు 40 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పు కన్నా చాలా తక్కువ.

మగ ఫాట్‌హెడ్ మిన్నో చేపల్లో పచ్చసొన ప్రొటీన్ వేల రెట్లు పెరిగింది. వృషణాల ఎదుగుదల నిలిచిపోయింది. పెద్ద చేపలు చచ్చి తేలలేదు. పిల్లలు కనిపించడం మానేశాయి. ఈ జాతి ఆయుష్షు మూడు నాలుగేళ్లకు మించదు. ఉన్న తరం ముసలిదై పోతుంటే దాని స్థానంలోకి వచ్చేదే లేదు. కొద్దికాలంలోనే ఆ సరస్సులో ఈ చేప దాదాపు అంతరించే స్థితికి వచ్చింది. దాన్ని తిని బతికే లేక్ ట్రౌట్ కూడా తగ్గిపోయింది. హార్మోన్ తనను తాకినందుకు కాదు, ఆకలి వల్ల.

2007లో ఫలితాలు ప్రచురితమైనప్పుడు ప్రపంచం ఉలిక్కిపడింది. తర్వాత జరిగింది అంతగా ప్రచారంలోకి రాలేదు. హార్మోన్ కలపడం ఆపిన కొన్నేళ్లకు చేపలు మళ్లీ పుంజుకున్నాయి. రోగం ఎంత నిశ్శబ్దంగా వచ్చినా, కారణాన్ని తొలగిస్తే నయమవుతుందని ఆ సరస్సే నిరూపించింది.

బ్రిటన్ రోచ్ చేపల కథ మాత్రం అంత సూటిగా లేదు. గుడ్ల కణాలు ఎక్కువగా పెరిగిన మగ చేపలను మామూలు చేపలతో పోటీకి పెడితే వాటి సంతానోత్పత్తి సామర్థ్యం 76 శాతం దాకా పడిపోయిందని 2011లో తేలింది. అయినా మురుగు కలిసే నదుల్లో రోచ్ జాతి తరాల తరబడి తనను తాను నిలబెట్టుకుంటూనే ఉందని 2014లో జన్యు పరీక్షలు చెప్పాయి. ఒక జాతి తట్టుకున్న దాన్ని మరొకటి తట్టుకోలేకపోవచ్చు. ఏది ఏ కోవకు చెందుతుందో ముందే తెలియదు. పరీక్షించి చూస్తేనే తెలుస్తుంది.

పటాన్‌చెరు నుంచి వాడపల్లి దాకా

ఇక మన నీళ్ల సంగతి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020-21 లెక్కల ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుడుతోంది. అందులో నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లు, అంటే 28 శాతం. బ్రిటన్‌లో చేపలను మార్చేసింది శుద్ధి చేసి వదిలిన నీరు. ఇక్కడ మూడింట రెండొంతుల పైన శుద్ధే లేదు. ఢిల్లీకి చెందిన టాక్సిక్స్ లింక్ సంస్థ 2019లో మన డిటర్జెంట్లలోనూ, నదుల నీటిలోనూ నోనైల్‌ఫినాల్ జాడ ఉందని వెల్లడించింది.

దీనికి ఫార్మా వ్యర్థాలు తోడు. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు 2007లో ప్రపంచ శాస్త్ర పత్రికలకెక్కింది. సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం తేల్చింది. అది హార్మోన్ కాదు. చర్చంతా మందులకు లొంగని బ్యాక్టీరియా చుట్టూ తిరిగింది. చేపల మాట వెనకబడింది. కానీ అదే బృందం 2009లో మరో విషయం బయటపెట్టింది. అక్కడి నీటిని 500 రెట్లు పలుచన చేసి అందులో ట్రౌట్ చేపలను ఉంచినా వాటి కాలేయంలో జన్యువుల పనితీరు మారిపోయింది. ఇది సంతానోత్పత్తి పరీక్ష కాదు. నీరు పలుచబడితే చాలు, చేపకు ఏమీ కాదన్న ధీమాకు మాత్రం ఇది గట్టి దెబ్బ.

మందుల ఫ్యాక్టరీ నది చేపలను ఏం చేయగలదో ఫ్రాన్స్‌లో తెలిసింది. డోర్ నది ఒడ్డున వెర్టొలే వద్ద స్టెరాయిడ్ మందులు తయారు చేసే కర్మాగారానికి దిగువన గడ్జన్ చేపల్లో సగటున 60 శాతం ఆడ, మగ లక్షణాలు కలగలిసి ఉన్నాయని 2011లో పరిశోధకులు ప్రకటించారు. ఎగువన అలాంటివి 5 శాతమే.

మన చేపల మీద పరిశోధన అసలే లేదనుకుంటే పొరపాటు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1980ల నాటికే పురుగుమందులు ఇంగిలాయి చేప సంతానోత్పత్తిని ఎలా దెబ్బతీస్తాయో పరిశీలించారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు మార్పు చేప పిల్లలను స్వల్ప మోతాదు ఎండోసల్ఫాన్ ఉన్న నీటిలో పెంచి చూశారు. వృషణాల ఎదుగుదల కుంటుపడిందని 2012లో ప్రకటించారు. ఆ పిల్లలు 96 గంటల పరీక్షలో నెగ్గేవే. అంతకు ఏడాది ముందే, 2011 మేలో, సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను దేశమంతటా నిషేధించింది. కారణం కేరళలోని కాసరగోడ్ మనుషుల గోడు, చేపలది కాదు.

ప్రయోగశాలలో తెలిసినది నది దాకా వెళ్లకపోవడమే ఇక్కడి లోటు. మార్పు, ఇంగిలాయి, పరిగెలు, జెల్లలు వాగుల్లో, చెరువుల్లో మునుపటిలా దొరకడం లేదన్నది జాలరుల పాత ఫిర్యాదు. ఆనకట్టలు, పూడిక, సన్నకన్ను వలలు, పరాయి చేపలు, పురుగుమందులు అంటూ కారణాల జాబితా పొడవైనదే. అందులో హార్మోన్ల వాటా ఎంతో వల చెప్పలేదు. చేప కడుపు కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడాలి. బజారు చూసి మోసపోవడమూ సులువే. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. అయితే బజారుకు వచ్చే బొచ్చె, శీలావతుల్లో అత్యధిక భాగం హేచరీలో సూదిమందుతో పుట్టి, చెరువులో పెరిగినవి. నదిలో పుట్టుక ఆగిపోయినా బుట్టలో లోటు కనిపించదు.

మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుంటూ వెళ్లి నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. నగరం ఒడ్డున ఆక్సిజన్ లేని నీటిలో చేపకు బతుకే కష్టం. దిగువకు పోయే కొద్దీ నీరు తేరుకుంటుంది. ఆ దారిలో చేప బతకడం ఎక్కడ మొదలవుతుందో, చూడాల్సింది అక్కడే.

ఖర్చు ఎవరిది?

శుద్ధి చేయవచ్చు. డబ్బు కావాలి. 2012లో యూరోపియన్ కమిషన్ మాత్రల్లోని హార్మోన్‌కు లీటరుకు 0.035 నానోగ్రాముల పరిమితి ప్రతిపాదించింది. ఒక్క ఇంగ్లండ్, వేల్స్‌లోనే దీన్ని పాటించాలంటే 2,600 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చవుతుందన్న అంచనా వెలువడింది. చివరికి పరిమితిని పక్కనబెట్టి ఆ హార్మోన్‌ను నిఘా జాబితాలో చేర్చారు.

స్విట్జర్లాండ్ మరో దారి పట్టింది. 2016లో అమల్లోకి వచ్చిన చట్టం కింద ఎంపిక చేసిన వంద దాకా శుద్ధి కేంద్రాలకు ఓజోన్ లేదా యాక్టివేటెడ్ కార్బన్ దశను జోడించాలని నిర్ణయించింది. ఖర్చు కోసం తలకు ఏడాదికి గరిష్ఠంగా 9 ఫ్రాంకుల రుసుము పెట్టింది. యూరోపియన్ యూనియన్ 2024లో ఆమోదించిన కొత్త ఆదేశం ఇంకో అడుగు ముందుకేసి, పెద్ద నగరాల్లో ఈ అదనపు శుద్ధికయ్యే ఖర్చులో కనీసం 80 శాతాన్ని మందులు, సౌందర్య సాధనాల తయారీదారుల మీద మోపింది. దీన్ని ఔషధ పరిశ్రమ 2025లో కోర్టులో సవాలు చేసింది.

అన్నిటికీ అంత డబ్బు అక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని ఎయిర్ నది దగ్గర ఉన్ని శుభ్రం చేసే పరిశ్రమల నుంచి వచ్చే నోనైల్‌ఫినాల్ రసాయనాలను తగ్గించగానే బోనుల్లో పెట్టిన మగ ట్రౌట్ చేపల్లో పచ్చసొన ప్రొటీన్ కూడా తగ్గింది. యూరప్ 2005 నుంచి ఈ రసాయనాల వాడకాన్ని చాలా రంగాల్లో నిలిపివేసింది. గొట్టం చివర వడపోసే కంటే గొట్టంలోకే రాకుండా ఆపడం చవక.

అన్నిటికన్నా చవకైనది పరీక్ష మార్చడం. చేపల సంతానోత్పత్తిపై రసాయనాల ప్రభావాన్ని 21 రోజుల్లో కనిపెట్టే ప్రామాణిక పరీక్షలను ఓఈసీడీ 2009లోనే సిద్ధం చేసింది. మగ చేప రక్తంలో పచ్చసొన ప్రొటీన్ ఉందా, ఆడ చేప ఎన్ని గుడ్లు పెడుతోంది అని అవి చూస్తాయి. మన విశ్వవిద్యాలయాల్లో మన చేపల మీద ఇలాంటి పని తెలిసినవారు ఉన్నారు. నియంత్రణ మండళ్ల చేతిలో ఉన్నది మాత్రం 1993 నాటి 96 గంటల గడియారమే.

పశువులకు వాడిన డైక్లోఫెనాక్ రాబందులను చంపుతోందని 2004లో తేలితే, పశువైద్యంలో ఆ మందును 2006లో ప్రభుత్వం నిషేధించింది. రాబందులు చెట్ల కింద చచ్చి పడి కనిపించాయి కనుక విషయం బయటపడింది. పుట్టని చేప ఒడ్డుకు కొట్టుకురాదు. దాన్ని లెక్కించాలంటే నాలుగు రోజులు చాలవు. మరో పదిహేడు రోజులు ఓపిక పట్టాలి.